నగర వైద్యుడు పాట్రిక్ గెడ్డిస్

1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్నపు తీరమునకు వచ్చి, గుండ్లు కురిపించి, రేవునందలి చమురు తొట్లను తగులబెట్టి మాయమైన సంగతిని మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనెడివారు. ఆ ఓడయే మరికొన్ని వారములకు, అక్టోబరు నెలలో, నడిసముద్రమున క్లాన్ గ్రాంట్ అను సరకుల ఓడను పట్టి ముంచివేసెను. మునిగిన సరకులలో కొన్ని పెట్టెల నిండ పటములు, చిత్రములు, నమూనాలు ఉండెను. లోకమునందలి పట్టణములు ఎట్లు పుట్టినవి, ఎట్లు పెరిగినవి, ఎట్లు చెడినవి, చెడినవానిని మరల ఎట్లు బాగుచేసికొనవచ్చును అను విషయములను కండ్లకు కట్టించు ప్రదర్శన సామగ్రి అది. అనేక సంవత్సరముల కూర్పు. దానిని కూర్చిన మనుష్యునకు అప్పటికి అరువది యేండ్లు. ఆయన వేరొక ఓడలో వచ్చుటచే బ్రదికిపోయెను. సర్వస్వమును మాత్రము సముద్రము పాలయ్యెను.

సామాన్యుడైనచో తిరుగు ఓడ ఎక్కియుండును. ఆయన ఎక్కలేదు. స్వదేశమునందలి మిత్రులకు కబురు పంపెను. ఐరోపాలో యుద్ధము పెచ్చుపెరిగియున్న ఆ రోజులలోనే వారు దొరికిన పటములను, చిత్రములను మరల పోగుచేసి పంపిరి. 1915 జనవరిలో చెన్నపట్నము సెనేటు హాలులో ప్రదర్శనము జరుగనే జరిగెను. ఆయన పేరు పాట్రిక్ గెడ్డిస్. ఉద్యోగముచేత వృక్షశాస్త్రాచార్యుడు. వాస్తువిద్యను ఏ కళాశాలలోను అభ్యసించినవాడు కాడు. అయినను నేడు పురనిర్మాణ శాస్త్రమును చదువు విద్యార్థి, ఏ దేశమువాడైనను, ఆయన పేరు వినక తప్పదు. పాత ఊరును కూల్చి క్రొత్త ఊరు కట్టుట కాదు, పాత ఊరికే ప్రాణము పోయుట అను మార్గమును ఆధునిక యుగమున మొదట చేసి చూపిన వారిలో ఆయన అగ్రగణ్యుడు.

గెడ్డిస్ 1854 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండు దేశమునందు బాలటర్ అను చిన్న ఊరిలో జన్మించెను. (గాంధీ మహాత్ముని జన్మదినమును అదియే యగుట మన విద్యార్థులకు జ్ఞాపకము పెట్టుకొనుటకు సులభము.) తండ్రి సైన్యమున పనిచేసినవాడు. బాలునికి కొద్ది వయస్సునందే కుటుంబము పెర్త్ పట్టణము వెలుపల, కొండవాలునందలి ఒక కుటీరమునకు మారెను. క్రింద టే నది, నది యొడ్డున పట్టణము, చుట్టును పొలములు. ఇంటి ముంగిట తండ్రి పెంచిన తోట. చెట్లకు పాదులు తీయుట, విత్తనము మొలకెత్తుట చూచుట, కొండ యెక్కి ఊరంతయు ఒక్క చూపున కలయజూచుట, ఇవి ఆ బాలుని మొదటి పాఠములు. తరువాతి జీవితమున ఆయన చేసిన ప్రతి పనిలోను ఈ తోటయు, ఈ కొండయు కనబడుచునే యుండును.

బడి చదువు ముగిసిన పిదప తండ్రి కోరికపై ఒక బ్యాంకులో ఏడాదిన్నర పనిచేసెను. లెక్కలపుస్తకములు ఆయనను పట్టి యుంచలేకపోయినవి. ఎడింబరో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రములో చేరి ఒక్క వారమునకే విడిచిపెట్టెను. ఎండిన ఆకులను ముక్కలుచేసి పేర్లు పెట్టుట ప్రకృతి పాఠమెట్లగునని ఆయన సందేహము. తరువాత లండనుకు పోయి, డార్విను సిద్ధాంతమునకు అండగా నిలిచిన హక్స్‌లీ పండితునివద్ద శిష్యరికము చేసెను. అక్కడను పరీక్షలకు కూర్చుండలేదు. జీవితాంతము ఆయనకు పట్టభద్రుడను బిరుదు లేదు. ఈ సంగతి చెప్పినప్పుడెల్ల మా తరగతిలో వెనుక బల్లలవారి ముఖములు వికసించుచుండును. పరీక్ష వ్రాయనివారందరును గెడ్డిసులు కారని వెంటనే చెప్పవలసి వచ్చుచున్నది. ఆయన విడిచినది పట్టమునే గాని చదువును గాదు.

1879లో శాస్త్రపరిశోధనకై మెక్సికో దేశమునకు వెళ్లెను. అచ్చట కండ్లకు జబ్బుచేసి కొన్ని వారములు చీకటిగదిలో పడియుండవలసి వచ్చెను. సూక్ష్మదర్శినిని నమ్ముకొన్న యువకునకు ఇంతకంటె ఘోరమేమున్నది? ఆ చీకటిలో తడవుచుండగా కిటికీ పలకలు చేతికి తగిలెను. గళ్లుగళ్లుగా ఉన్న ఆ పలకలను తాకుచు, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క భావమును నిలిపి, భావములకు పరస్పర సంబంధమును ఊహించుకొనుట అలవరచుకొనెను. చూపు మరల వచ్చెను గాని, సూక్ష్మదర్శినితో ఎడతెగని పరిశోధన చేయు శక్తి మాత్రము రాలేదు. జీవశాస్త్రజ్ఞుడుగా ఆయన మార్గము అచ్చట మలుపు తిరిగినది. జీవి ఎట్లు పరిసరములను ఆశ్రయించి బ్రదుకునో, మనుష్యుడును అట్లే తన ఊరిని ఆశ్రయించి బ్రదుకునను ఆలోచన ఆయనలో క్రమముగా బలపడెను.

ఎడింబరో నగరమునందు అతడు ఉపన్యాసకుడుగా చేరునాటికి ఆ ఊరు రెండుగా చీలియుండెను. పదునెనిమిదవ శతాబ్దిలో ధనవంతులకొరకు వెడల్పైన వీధులతో క్రొత్త ఊరొకటి వెలసెను. కలవారందరు అక్కడికి తరలిపోయిరి. కోటను ఆనుకొని యున్న పాత ఊరిలో, ఒకప్పుడు ప్రభువులు, పండితులు నివసించిన ఎత్తైన రాతిమేడలలో, గదికొక కుటుంబము చొప్పున పేదలు క్రిక్కిరిసి యుండిరి. గాలి లేదు, వెలుతురు లేదు, మురుగు ముంగిటనే. 1867లో ఒక చట్టము చేసి నగరపాలకులు కొన్ని వాడలను కూల్చి వీధులు తీసిరి. వీధులు వెడల్పయినవి. ఇండ్లు పోయినవారు ఎక్కడికి పోవలెను? ప్రక్క వాడకే పోయి, అచ్చటి గదులను మరింత క్రిక్కిరియజేసిరి. మురికివాడ పోలేదు; జరిగినది.

1886లో గెడ్డిస్ అన్నా మోర్టన్ అను లివర్‌పూల్ వర్తకుని కుమార్తెను వివాహమాడెను. ఆమె సంగీత విద్వాంసురాలు, సుఖముగ పెరిగినది. క్రొత్త దంపతులు క్రొత్త ఊరిలోని తమ వసతిని విడిచి, పాత ఊరిలో జేమ్స్ కోర్ట్ అను వాడలో కాపురము పెట్టిరి. బంధువులు నివ్వెరపోయిరి. వాడవారు మొదట అనుమానించిరి. దానధర్మములు చేసి పోవు దొరసానులను వారెరుగుదురు గాని, తమ మెట్లమీదనే కాపురముండు దొరసానిని ఎరుగరు. గెడ్డిస్ ఉపన్యాసమేమియు ఈయలేదు. తన వాటా గోడలకు తానే సున్నము కొట్టుట మొదలుపెట్టెను. ఇరుగుపొరుగువారు చూచిరి, ఒకరు చేయి కలిపిరి, తరువాత ఇంకొకరు. మెట్లు కడిగిరి, గోడలకు రంగులు వేసిరి, కిటికీలలో పూలతొట్లు పెట్టిరి. పెంటకుప్పగా ఉన్న ఖాళీస్థలమును శుభ్రపరచి చిన్న తోట వేసిరి. కొన్నేండ్లకు ఆ దంపతుల కుమార్తె నోరా ఇట్టి తోటలను వాడవాడలను పెంచు పనికి పూనుకొనెను.

ఇచ్చటనే ఆయన పద్ధతి రూపుదాల్చెను. ఒక వాడను బాగుచేయవలెనన్నచో మొదట ఇల్లిల్లు తిరిగి చూడవలెను. ఏ ఇల్లు గట్టిది, ఏది మరమ్మతుతో నిలుచును, ఏది ఇక నిలువదు అని తేల్చుకొనవలెను. నిలువని ఇంటిని మాత్రమే తీసి, దాని చోటును గాలికి, పిల్లల ఆటకు, చెట్లకు వదలవలెను. తక్కినదంతయు యథాస్థానమున నుండును, మనుష్యులు కూడ. శస్త్రవైద్యుడు కుళ్లిన భాగమును మాత్రమే కోసి తక్కిన శరీరమును కాపాడునట్లు నగరమునకును చికిత్స చేయవలెనని ఆయన మతము. రక్షణతో కూడిన శస్త్రచికిత్స అను అర్థమిచ్చు పేరునే ఆ పద్ధతికి పెట్టెను.

పేదలు మాత్రమే యుండిన వాడ మరల జీవింపదని కూడ ఆయన గ్రహించెను. విద్యార్థులను, ఆచార్యులను పాత ఊరికి రప్పింపదలచెను. 1887లో విద్యార్థులు తమ వ్యవహారములను తామే నడుపుకొను వసతిగృహమును స్థాపించెను. శిథిలమైన రిడిల్స్ కోర్టును బాగుచేయించెను. కోటకు దాపుననే, పూర్వము ఒక కవి నివసించిన ఇంటిని కలుపుకొని, రామ్సే గార్డెన్ అను ఎర్రకప్పుల, తెల్లగోడల మేడలను 1890 ప్రాంతములందు కట్టించెను. కాపర్, సిడ్నీ మిచెల్ అను వాస్తుశిల్పులు పటములు గీసిరి. ఊహ మాత్రము గెడ్డిస్‌ది. ఆ ఊహకు డబ్బు తెచ్చుటయు ఆయనకే తెలియవలెను; తెలియలేదు. ఇల్లు వెనుక ఇల్లు కొనుచు, అప్పు మీద అప్పు చేయుచు పోయెను. లెక్కలు చూచి, అప్పులవారికి జవాబు చెప్పి, ముగ్గురు పిల్లలను పెంచి, వసతిగృహములను నడిపినది అన్నా. చివరకు 1896లో మిత్రులు ఒక కంపెనీగా ఏర్పడి ఆయన ఆస్తులను, భారములను తమ వశము చేసికొనిరి. బ్యాంకులో ఏడాదిన్నర పనిచేసినవాడు ఇట్లయ్యెనేమని మనకు నవ్వు రావచ్చును. అన్నాకు ఎంతమాత్రము నవ్వు వచ్చియుండదు.

1892లో ఆయన చేతికి వచ్చిన ఔట్‌లుక్ టవర్ అను బురుజును గూర్చి ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగును. కోటవీధిలోని ఆ ఎత్తైన కట్టడము కొనయందు ఒక చీకటిగదియు, అద్దములును కలవు. వెలుపలి నగరదృశ్యము, నడచు మనుష్యులతో, కదలు మేఘములతో సహా, లోపలి తెల్లని బల్లపై ప్రతిఫలించును. గెడ్డిస్ సందర్శకులను క్రింద ఎచ్చటను ఆగనీయక మెట్లమీదుగా పరుగెత్తించి తిన్నగా పైకి తీసికొనిపోయెడివాడు. రొప్పుచు, గుండె కొట్టుకొనుచు, చీకటిలో అడుగిడినవానికి తానెరిగిన ఊరే క్రొత్తగా కనబడును. తరువాత ఆరుబయట నిలిచి ఊరిని స్వయముగా చూచుట. ఆ వెనుక ఏమియు లేని చిన్న గదిలో ఒంటరిగా కూర్చుండి చూచినదానిని ఆలోచించుకొనుట. అప్పుడు ఒక్కొక్క అంతస్తే దిగవలెను: మొదట ఎడింబరో, తరువాత స్కాట్లండు, ఆ క్రింద ఇంగ్లీషు మాటలాడు దేశములు, పిదప ఐరోపా, అట్టడుగున ప్రపంచము. పిల్లవానికి ప్రపంచ పటముతో పాఠము మొదలుపెట్టి ఊరిపేరు చివరకైనను చెప్పని మన భూగోళ బోధనకు ఇది సరిగా తలక్రిందులు.

1888 మొదలు 1919 వరకు ఆయన డండీ విశ్వవిద్యాలయ కళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడు. ఏటికి వేసవి మూడు నెలలే బోధన; తక్కిన కాలమంతయు నగరములదే. 1900లో పారిసు మహాప్రదర్శనమున పనిచేయుచుండగా వివేకానందస్వామితోను, సోదరి నివేదితతోను, జగదీశచంద్ర వసుతోను పరిచయము కలిగెను. నివేదిత కొంతకాలము ఆయనకు సహాయురాలుగా పనిచేసెను. భారతదేశమునందలి ఆయన ఆసక్తికి మూలములలో ఇదియొకటి. 1904లో డన్‌ఫర్మ్‌లిన్ పట్టణాభివృద్ధికై ఒక బృహన్నివేదికను సమర్పించెను. పోషకులు దానిని అమలు జరుపలేదు. అయినను ముందు పరిశీలన, తరువాత ప్రణాళిక అను సూత్రము దానివలన లోకమునకు తెలిసినది. 1915లో వెలువడిన గ్రంథమున, పెరిగి పెరిగి ఒకదానితో నొకటి కలిసిపోవు పట్టణముల గుంపునకు కనర్బేషన్ అను పేరును కల్పించినది ఆయనయే.

ఇక భారతదేశము. మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానమున వచ్చిన గెడ్డిస్ పదేండ్ల కాలమున ఈ దేశపు అనేక పట్టణములను కాలినడకన చూచెను. తెల్లవారకముందే లేచి, వీధులవెంట తిరిగి, ఇండ్ల ముంగిళ్లను, బావులను, రావిచెట్ల అరుగులను పటముపై గుర్తించుకొనెడివాడు. నాటి ఇంజనీర్లు మన పాత ఊళ్లలో చూచినది మురుగు, ఇరుకు, జబ్బు. చేతిలో కొలబద్ద పట్టుకొని తిన్నని వీధులను గీచి, అడ్డువచ్చిన ఇండ్లనెల్ల పడగొట్టుమనిరి. గెడ్డిస్ అదే ఊళ్లను చూచి, వంకర వీధి వేసవిలో నీడనిచ్చుననియు, ఇంటినడుమ ముంగిలి కుటుంబమునకు ఊపిరి వంటిదనియు, తులసికోట ఉన్న ఇల్లు శుభ్రతకు సాక్ష్యమనియు గ్రహించెను. తంజావూరు కోట ప్రాంతమున ఇంజనీర్లు వేసిన వీధుల పథకమునకు బదులుగా, కొద్దిపాటి ఇండ్లను మాత్రము తొలగించి, ఉన్న సందులను, ఖాళీస్థలములను కలుపు మార్గమును చూపెను. ఖర్చు కూడ చాల తగ్గినది. మధురలోను, లాహోరులోను ఆయన వాదము ఇదియే.

దోమలకు భయపడి చెరువులను, కోనేళ్లను పూడ్చివేయవలెనని ఆరోగ్యాధికారులు పట్టుబట్టుచుండిరి. చెరువు పూడ్చుట ఎందుకు, అందులో చేపలను, బాతులను విడిచినచో దోమపిల్లలను అవియే తినునుగదా అని ఆయన అడిగెను. జీవశాస్త్రము చదివినవాడు ఇంజనీర్ల మధ్యకు వచ్చుటవలన కలిగిన లాభమిది. పూడ్చిన చెరువులపై కాలనీలు కట్టుకొని, ప్రతి వానకాలము పడవలకై ఎదురుచూచు మన నగరవాసులకు ఆ ప్రశ్న అర్థము కావలసినదే.

1917వ సంవత్సరము ఆయనకు కాళరాత్రి. పెద్దకుమారుడు అలస్డేర్, తండ్రితో కలిసి భారతదేశమునకు వచ్చి ప్రదర్శనములలో తోడ్పడినవాడు, సైన్యమున చేరి ఏప్రిలు నెలలో ఫ్రాన్సు యుద్ధరంగమున మరణించెను. ఆ వార్త అందునప్పటికి అన్నా విషజ్వరముతో మంచమున ఉండెను. గెడ్డిస్ ఆమెకు చెప్పలేదు. కుమారుని పాత ఉత్తరములనే క్రొత్తవిగా చదివి వినిపించెడివాడని జీవితచరిత్రకారులు వ్రాసిరి. జూను నెలలో, కొడుకు బ్రదికియున్నాడనుకొనుచునే, ఆమె కలకత్తాలో కన్నుమూసెను. ముప్పది యొక్క సంవత్సరముల సహధర్మచారిణి. ఆయన ఊహలన్నిటికిని నేలపై కాలు నిలిపినది ఆమెయే.

ఆయన పనిలో మునిగిపోయెను. ఇందోరు సంస్థానమువారు పిలిచిరి. అచ్చట ప్లేగు విజృంభించియుండెను. పటము చేతబట్టి సందులు తిరుగు ముసలి దొర ఇండ్లు పడగొట్టుటకే వచ్చినాడని ప్రజలు భయపడి దూరమునుండియే తొలగిపోవుచుండిరి. దీపావళి సమీపించెను. గెడ్డిస్ మహారాజు అనుమతితో ఒక ఊరేగింపును ఏర్పాటుచేసి, అది పరంపరగా వచ్చు దారిలో గాక, ఏ వీధులవారు తమ ఇండ్లను, వాకిళ్లను బాగుగా శుభ్రపరచుకొందురో ఆ వీధులవెంటనే సాగునని చాటింపించెను. చెత్తను ఉచితముగా తరలింతురనియు ప్రకటించెను. ఇక ఊరంతయు చీపుర్లు, సున్నపు కుంచెలు పట్టుకొనినది! బండ్లకు బండ్లు చెత్త కదలిపోయెను. ఊరేగింపు నాడు ముందు ఏనుగులు, ఒంటెలు, లక్ష్మీదేవి. వెనుక శిథిల గృహముల నమూనాలు, మురికి రాక్షసుడు, ప్లేగునకు గుర్తుగా కొండంత ఎలుక. వాని తరువాత, క్రొత్త తెల్లబట్టలు కట్టి, పూలమాలలు వేసికొని వీధులూడ్చువారు నడచిరి. ఆ ఊరివారు అట్టి దృశ్యమును అంతకుముందు చూచియుండరు. ఆ వెనుక నగరలక్ష్మి, క్రొత్త పటములు, కట్టబోవు ఇండ్ల నమూనాలు. ఇల్లిల్లునకు తులసిమొక్కలు పంచిరి. చివర రాక్షసుని, ఎలుకను తగులబెట్టిరి. ఆ తరువాత పిల్లలు ఆయనను చూచి పారిపోలేదు. 1918లో ఇందోరును గూర్చి వెలువడిన రెండు సంపుటముల నివేదిక ఆయన భారతదేశ రచనలన్నిటిలోను పెద్దది.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్ర, పౌరశాస్త్ర ఆచార్యపదవి లభించెను. తరువాత ప్రసిద్ధుడైన ఘుర్యే పండితుడు ఆయన శిష్యుడే. 1920లో వసు జీవితచరిత్రను ప్రకటించెను. విశ్వభారతి విషయమై రవీంద్రనాథ ఠాకూరుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెను. చిన్నకుమారుడు ఆర్థర్ కొంతకాలము శ్రీనికేతనమున పనిచేసెను.

మన తెలుగువారికి ఆయనతో గల సంబంధము హైదరాబాదులోనిది. నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు తగిన స్థలములను పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చెను. నగరమునకు తూర్పున అడిక్‌మెట్ ప్రాంతమున విద్యాలయము వెలసినది. భవనముల పటములు జాస్పర్ అను వాస్తుశిల్పివి. శంకుస్థాపన 1934లో జరిగి, ఆర్ట్సు కళాశాల 1939లో పూర్తియయ్యెను. ఆ మెట్లమీద కూర్చుండి గాలి పీల్చుకొన్నవారము మేమెందరమో! ఆ గాలికై స్థలము వెదకినవారిలో ఒకరి పేరు మాత్రము నాకు చదువు ముగిసిన చాల కాలమునకు గాని తెలియలేదు.

ఆయనను దేవుని చేయనక్కరలేదు. చేతివ్రాత ఎవరికిని బోధపడెడిది కాదు. మాటలన్నియు గడ్డములోనికే చెప్పుకొనుటచే ఉపన్యాసములు ముందు వరుస దాటెడివి కావు. మొదలుపెట్టిన పనులు పది, ముగించినవి రెండు. ప్రజల భాగస్వామ్యమును బోధించిన ఆయన ఈ దేశమున పనిచేసినది గవర్నర్ల, మహారాజుల పిలుపు మీదనే. వారు ఆసక్తి కోల్పోయినంతనే నివేదికలు బీరువాలపాలయ్యెను. మన పట్టణములు అనేకము ఆయన మాట వినలేదు, ఇంజనీరు కొలబద్దనే విన్నవి.

1923లో అమెరికాలో లూయిస్ మమ్‌ఫర్డ్ అను యువరచయిత ఆయనను కలిసికొనెను. నగరముల చరిత్రకారుడుగా ఆయన పేరును లోకమంతట వ్యాపింపజేసినవాడు తరువాత అతడే. గెడ్డిస్ అతనిని చూచి, తన చనిపోయిన కొడుకు పోలికలు గుర్తించి, కన్నీరు పెట్టుకొని, కుమారుని స్థానమున నిలువుమని కోరెను. మమ్‌ఫర్డ్ ఇబ్బందిపడెను, శిష్యుడుగా ఉండదలచెను గాని కొడుకుగా కాదు. అయినను తన కుమారునకు గెడ్డిస్ అనియే పేరు పెట్టుకొనెను. ఆ బిడ్డయు పందొమ్మిదేండ్ల వయస్సున, 1944లో, రెండవ ప్రపంచయుద్ధమున మరణించెను.

ఆరోగ్యము చెడి 1924లో గెడ్డిస్ భారతదేశమును విడిచెను. 1925లో టెల్ అవీవ్ నగరమునకు ప్రణాళిక రచించెను. ఆయన ప్రణాళికలలో చాలవరకు అమలైనది ఇదియొక్కటే యనవచ్చును. ఫ్రాన్సులోని మాంట్‌పెలియే వద్ద రాళ్లగుట్టను కొని, మరల తోట వేసి, మరల విద్యార్థుల వసతిగృహము కట్టి, మరల అప్పులలో పడెను. 1932 ఆరంభమున బ్రిటిషు ప్రభుత్వము సర్ బిరుదమిచ్చెను. ఆ ఏప్రిలు 17వ తేదీన మాంట్‌పెలియేలోనే మరణించెను.

ఎడింబరోలో ఔట్‌లుక్ టవర్ చీకటిగది నేటికిని పనిచేయుచున్నది. యాత్రికులు టిక్కెట్టు కొని చూతురు. రిడిల్స్ కోర్టు ఆయన పేరిట విద్యాకేంద్రమైనది. పాత ఊరికి విద్యార్థులను రప్పించుటకై కట్టించిన రామ్సే గార్డెన్ వాటాలు మాత్రము నేడు ఆ నగరమున మిక్కిలి వెలగలవిగా పేరుపడినవి. విద్యార్థి అద్దెకు అందునవి కావు.